ఎముక దొరికాక పేరు దొరకాలి

క్లుప్తంగా: ఏళ్ల తర్వాత బయటపడిన సైనికుడి అవశేషాలు సొంతూరికి చేరతాయా, పేరులేని సమాధిలో ఆగిపోతాయా అన్నది తవ్వకం కంటే గుర్తింపు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. గుర్తింపుకు మూడు కావాలి: సైనికుడి నంబరు, ఊరూ పేరూ సరిగ్గా తెలిపే కాగితం, తల్లి వైపు చుట్టరికం. ఈ మూడూ చాలావరకు ఊళ్లోనే, ఇంట్లోనే ఉంటాయి.

1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కు బయల్దేరిన వైమానిక దళ ఏఎన్-12 విమానం 102 మందితో హిమాలయాల్లో కనిపించకుండా పోయింది. 2003లో పర్వతారోహకులకు శకలాలు కనిపించేదాకా దాని జాడ లేదు. 2024 సెప్టెంబరు చివర్లో అదే మంచు ప్రాంతంలో మరో నలుగురి మృతదేహాలు దొరికాయి. అంటే 56 ఏళ్ల తర్వాత. వారిలో ఒకరిని కేరళలోని ఎలంతూరులో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. అంతకు రెండేళ్ల ముందు, 2022 ఆగస్టులో, 1984 నాటి ఆపరేషన్ మేఘదూత్‌లో గల్లంతైన కుమావ్ రెజిమెంటు సైనికుడి దేహం సియాచిన్‌లో 38 ఏళ్లకు బయటపడింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా గోదావరి డెల్టాలోనూ పాత ప్రశ్నలు లేస్తాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరం అనే పేరు ఊరికే రాలేదు. ఆ ఊళ్లో తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్లారు. డెల్టాలోని మిగతా ఊళ్ల నుంచి కూడా మెసపొటేమియాకు, బర్మాకు, సరిహద్దులకు వెళ్లి తిరిగిరానివారు ఉన్నారు. వారి అవశేషాలు ఎప్పుడైనా దొరికితే ఏమవుతుంది? ఎవరు గుర్తుపడతారు, ఏ ఆధారంతో? ఇంటివాళ్లు చేయగలిగింది ఏమైనా ఉందా?

ఇన్నేళ్లకు ఎందుకు బయటపడతాయి

హిమానీనదం కదలని మంచుగడ్డ కాదు, చాలా నెమ్మదిగా పారే నది. పైభాగంలో పడినదాన్ని ఏటేటా కురిసే మంచు కప్పేస్తుంది. ఆ పొరతో పాటే లోపలి వస్తువు కిందికి జరుగుతూ, మంచు చేరడం కంటే కరగడం ఎక్కువగా ఉండే దిగువ భాగంలో పైకి తేలుతుంది. వరద గోదావరిలో మునిగిన దుంగ ఎక్కడో దిగువన ఇసుక తిప్ప మీద తేలడం లంక గ్రామాలవారికి తెలిసిందే. ఇక్కడ జరిగేదీ అదే, గంటల బదులు దశాబ్దాలు పడుతుంది. ప్రయాణంలో మంచు చీలుతుంది, ఒరుసుకుంటుంది. అందుకే అవశేషాలన్నీ ఒకచోట, ఒకేసారి దొరకవు. 2003 నుంచి 2024 దాకా ఎన్నో గాలింపులు జరిగినా ఏఎన్-12లోని 102 మందిలో దొరికినవారు పదిమంది లోపే.

నేలలో కథ వేరు. ఫ్రాన్స్, బెల్జియం దేశాల్లో పునాదులు, కాలువలు, పైపులైన్లు తవ్వినప్పుడు మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల ఎముకలు ఇప్పటికీ బయటపడుతున్నాయి. సున్నం ఎక్కువగా ఉన్న నేల ఎముకను కాపాడుతుంది. వానలు ఎక్కువ కురిసే ఆమ్ల నేల ఎముకలోని ఖనిజాన్ని కరిగించేస్తుంది. అలాంటిచోట బూటు అడుగులు, గుండీలు, పళ్లు మాత్రమే మిగలవచ్చు. బర్మా, ఈశాన్య భారత అడవుల్లో గాలింపు కష్టమవడానికి దారిలేని కొండలతో పాటు ఇదీ ఒక కారణం.

సముద్రం అన్నిటికంటే కఠినం. 2016 జులై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరి బంగాళాఖాతంలో గల్లంతైన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారం సిబ్బంది. 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున దాని శకలాల ఫొటోలు దొరికాయి. చోటు తెలిసింది. కానీ ఆ లోతుకు ఈతగాళ్లు దిగలేరు. యంత్రంతో ఎత్తాలన్నా, అక్కడ ఎముక మిగిలి ఉందో లేదో ఫొటో చెప్పదు.

తవ్వేటప్పుడే జరిగే నష్టం

అవశేషాలకు అతిపెద్ద నష్టం కాలం వల్ల కాక మంచి మనసుతో తవ్వినవారి వల్ల జరిగిన సందర్భాలున్నాయి. పంజాబ్‌లోని అజ్నాలాలో 1857 నాటి సిపాయిల అవశేషాలున్న బావిని 2014లో శాస్త్రీయ పద్ధతి లేకుండా తవ్వారు. 282 మంది సిపాయిలని చరిత్ర చెబుతున్న ఆ బావి నుంచి వచ్చింది ముక్కలైన ఎముకలు, వేల పళ్లు. ఏ చేయి ఏ పుర్రెకు చెందిందో తేల్చే ఆధారం తవ్వకంతోనే పోయింది. తర్వాత హైదరాబాద్ సీసీఎంబీతో సహా పలు సంస్థల శాస్త్రవేత్తలు 50 నమూనాల డీఎన్ఏనూ, 85 నమూనాల్లోని ఆక్సిజన్ ఐసోటోపులనూ (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాలను) పరీక్షించి, వారు గంగా మైదానానికి చెందినవారని 2022లో తేల్చారు. చిన్నతనంలో తాగిన నీటి జాడ పంటి పింగాణీలో జీవితాంతం ఉండిపోతుంది కాబట్టి అది సాధ్యమైంది. ప్రాంతం తెలిసింది గానీ మనిషి పేరు తెలియలేదు.

సరైన పద్ధతిలో మొదటి పని ఆపడమే. పార పెట్టడం ఆపి, పోలీసులకు తెలిపి, చుట్టూ పేలని మందుగుండు లేదని నిపుణులు తేల్చాకే తవ్వకం మొదలవుతుంది. అస్థిపంజరం పూర్తిగా కనిపించేలా మట్టి తీసి, ఏదీ కదపకముందే కొలతలు, ఫొటోలు తీసుకుంటారు. బకిల్ నడుము దగ్గర ఉందా, అడుగు దూరంలో ఉందా అన్నది ముఖ్యం. శరీరం మీద ఉంటే అది అతనిదే, దూరంగా ఉంటే మరొకరిది కావచ్చు. తీసిన మట్టినంతా జల్లెడ పడతారు, ఎందుకంటే పంటి ముక్క, గుర్తింపు బిళ్ల ముక్క, రెజిమెంటు అక్షరం అక్కడే దొరుకుతాయి. ఒక మనిషికి ఒక సంచి, ఒక నంబరు. ఎముకల్ని ఒట్టి చేతులతో తాకకూడదు, నీళ్లతో కడగకూడదు. తవ్వినవారి డీఎన్ఏ నమూనాలు కూడా తీసి ఉంచుతారు, ఫలితాల్లో వారి జాడ కనిపిస్తే తీసేయడానికి.

ఎముకలు కలిసిపోయి ఉంటే ముందు ఎంతమందో తేలాలి. దానికి ఒకే రకం ఎముకను లెక్కపెడతారు: ఏడు కుడి తొడ ఎముకలుంటే కనీసం ఏడుగురు. పెరల్ హార్బర్‌లో మునిగిన ఓక్లహోమా యుద్ధనౌకలో పేరు తేలకుండా సామూహికంగా ఖననమైన 388 మంది అవశేషాలను అమెరికా 2015లో మళ్లీ బయటికి తీసింది. ఆరేళ్ల ప్రయోగశాల పనితో 350 మందికి పైగా పేర్లు తేలాయి. మొదటిసారి పూడ్చినప్పుడు కలిపేసిన ఎముకల్ని విడదీయడానికే ఆ సమయంలో ఎక్కువ భాగం పోయింది.

బిళ్ల చెప్పేది, చెప్పనిది

సియాచిన్‌లో 38 ఏళ్లకు దొరికిన సైనికుడిని గుర్తుపట్టించింది సైనిక నంబరున్న లోహపు బిళ్ల. ఏఎన్-12 కేసులో దుస్తుల్లో, జేబుల్లో మిగిలిన సైనిక పత్రాలు ఉపయోగపడ్డాయి. మంచులో కాగితం కూడా మిగులుతుంది, తడి నేలలో మిగలదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ బిళ్ల విషయంలోనే పెద్ద పొరపాటు జరిగింది. బ్రిటిష్ సైన్యంలో 1916 సెప్టెంబరు దాకా ఒక్కొక్కరికి ఒకే బిళ్ల ఉండేది. చనిపోయినట్టు రాసుకోవడానికి దాన్ని మెడలోంచి తీసేవారు. రికార్డు సరిపోయేది, దేహం మాత్రం అనామకంగా మిగిలేది. ఆ తర్వాత రెండు బిళ్లలు వచ్చాయి. ఎర్రనిది తీసుకెళ్లాలి, ఆకుపచ్చనిది దేహంతోనే ఉండాలి. అవి నారతో చేసినవి కాబట్టి చెమ్మలో కుళ్లిపోయేవి. సోవియట్ సైన్యంలో చిన్న గొట్టంలో కాగితపు చీటీ రాసి పెట్టుకోమన్నారు. రాస్తే చావు వస్తుందన్న నమ్మకంతో చాలామంది ఖాళీగానే ఉంచుకున్నారు.

భారత పదాతి దళాలు ఫ్రాన్స్‌లో పోరాడింది 1914 చివరి నుంచి 1915 చివరి దాకా, అంటే రెండు బిళ్లల పద్ధతి రాకముందే. అక్కడి నవ్ షపెల్ స్మారకం మీద సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఉండటాన్ని ఈ వెలుగులో చూడాలి.

బిళ్ల లేనప్పుడు భుజం మీది అక్షరాలే దిక్కు. 2016లో ఫ్రాన్స్‌లోని రిష్‌బూర్ దగ్గర తవ్వకంలో దొరికిన రెండు దేహాలు 39వ గఢ్వాల్ రైఫిల్స్ సైనికులవని చెప్పింది ‘39’ అంకె ఉన్న చిహ్నం. 2017 నవంబరు 12న లావెంటీ సైనిక శ్మశానంలో రెజిమెంటు ప్రతినిధుల సమక్షంలో వారిని ఖననం చేశారు. రెజిమెంటు తెలిసింది, పేర్లు తెలియలేదు. ఆ రెజిమెంటులో గల్లంతైనవారు వందల్లో ఉన్నప్పుడు అంకె ఒక్కటే ఒక మనిషి దాకా తీసుకెళ్లలేదు. బంధువుల డీఎన్ఏ అవసరమయ్యేది ఇక్కడే.

డీఎన్ఏకు తెలిసిన వరసలు

పాత ఎముకలో మామూలు డీఎన్ఏ ముక్కలై ఉంటుంది. కణంలో ఒక్క జతగా ఉండే దానికంటే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో వందల వేల ప్రతులుగా ఉండే మైటోకాండ్రియల్ డీఎన్ఏ దొరికే అవకాశం ఎక్కువ. అది తల్లి నుంచి బిడ్డలకు వస్తుంది. కొడుకులకూ వస్తుంది గానీ వాళ్ల నుంచి ముందుకు సాగదు. తొడ ఎముక మధ్యభాగం, చెవి వెనక గట్టి ఎముక, దంతాలు దీనికి మంచి నమూనాలు. గ్రాము లోపు పొడి చాలు.

మరి సరిపోల్చడానికి ఎవరి నమూనా కావాలి? ఇక్కడే తెలుగిళ్లలో గందరగోళం వస్తుంది. సైనికుడి కొడుకు ముందుకొచ్చి రక్తం ఇస్తాడు. కానీ కొడుకులో ఉన్నది వాళ్లమ్మ మైటోకాండ్రియా. ఈ పరీక్షకు పనికొచ్చేవారు: సైనికుడి తోబుట్టువులు, అతని అక్కచెల్లెళ్ల పిల్లలు, ఆ ఆడపిల్లల పిల్లలు, అతని మేనమామ, తల్లి తోడబుట్టిన పెద్దమ్మ, పిన్ని, ఆ పెద్దమ్మ పిన్నుల పిల్లలు. పనికిరానివారు: అన్నదమ్ముల పిల్లలు, మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు.

మన పిలుపులు ఈ తేడాను దాచేస్తాయి. పెద్దమ్మ కూతురూ అక్కే, పెదనాన్న కూతురూ అక్కే. ‘అక్క కొడుకు ఉన్నాడు’ అంటే ప్రయోగశాలకు చాలదు. ఆ అక్క ఒకే తల్లి కడుపున పుట్టిందా, పెద్దమ్మ బిడ్డా, పెదనాన్న బిడ్డా అన్నది రాయాలి. మొదటి రెండింటికీ పోలిక కుదురుతుంది, మూడోదానికి కుదరదు. ఇంకో విశేషం డెల్టాలో తరచూ ఎదురవుతుంది. సైనికుడు సొంత అక్క కూతుర్ని పెళ్లాడి ఉంటే, భార్యకూ అతనికీ మైటోకాండ్రియా ఒకటే. అప్పుడు అతని సొంత పిల్లల నమూనా కూడా పనికొస్తుంది. మరోవైపు తరతరాల మేనరికాలున్న కుటుంబాల్లో మామూలు డీఎన్ఏ పోలిక అనుకున్నదానికంటే దగ్గరి చుట్టరికాన్ని చూపిస్తుంది. లెక్కగట్టేవారికి ఆ సంగతి ముందే చెప్పకపోతే ఫలితం తప్పుదారి పడుతుంది.

తండ్రి వైపు, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోము పరీక్ష ఉంది. దానికి సొంత కొడుకు, అన్నదమ్ములు, వారి కొడుకులు, పెదనాన్న బాబాయిల కొడుకులు సరిపోతారు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన సరిపోదు. మధ్యలో ఎక్కడైనా దత్తత ఉంటే ఆ గొలుసు తెగుతుంది.

మైటోకాండ్రియా కలవకపోతే కాదని చెప్పవచ్చు. కలిసినంత మాత్రాన అతనేనని చెప్పలేం. భారతీయుల్లో సగానికి పైగా మైటోకాండ్రియా వంశవృక్షంలో ఎం అనే ఒకే పెద్ద శాఖకు చెందుతారు కాబట్టి ఆ డీఎన్ఏ పూర్తి క్రమాన్ని చదివి, ఎత్తు, వయసు, పళ్లు, పాత గాయాలు, దొరికిన చోటు అన్నిటినీ కలిపి నిర్ణయిస్తారు. కొరియా యుద్ధ మృతుల విషయంలో అమెరికన్లు పాత ఛాతీ ఎక్స్‌రేల్లోని జత్రు ఎముక (మెడ కింది అడ్డ ఎముక) ఆకారాన్ని కూడా పోల్చి చూస్తారు. ఫ్రాన్స్‌లోని ఫ్రోమెల్‌లో 1916 నాటి గోతుల నుంచి 2009లో తీసిన సుమారు 250 మందిలో 150 మందికి పైగా పేర్లు తేలాయంటే, ఆస్ట్రేలియాలో బంధువులు వందలాదిగా నమూనాలు ఇచ్చినందువల్లే.

వయసు లెక్క కూడా ఉంది. 1971లో ఇరవయ్యేళ్లున్న సైనికుడి అక్కచెల్లెళ్లు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉంటారు. వాళ్ల నమూనా అన్నిటికంటే విలువైనది.

జిల్లా మారింది, పేరు మారింది

1914-18లో భీమవరం, నర్సాపురం, తణుకు, ఏలూరు తాలూకాలు గోదావరి జిల్లాలో లేవు. 1904లో వాటిని కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. అందువల్ల నర్సాపురం సైనికుడి వివరాలు ‘కిస్ట్నా జిల్లా, మద్రాసు’ కింద ఉంటాయి. గోదావరి జిల్లా అని వెతికితే కోనసీమ, రాజమండ్రి వైపువారే కనిపిస్తారు. ఏలూరు ‘ఎల్లోర్’, కాకినాడ ‘కోకనాడ’. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్లీ మారాయి కనుక ఇప్పటి చిరునామాతో పాత పత్రం అసలే కలవదు. దరఖాస్తులో పాత తాలూకా, పాత జిల్లా, ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా నాలుగూ రాయాలి.

ఇంటిపేరు ఒక అక్షరమైపోయి, వెంకన్నలు అప్పన్నలు పదులమంది ఒకే జాబితాలో ఉన్నప్పుడు మనిషిని వేరుచేసేది నంబరే. ఆ నంబరు చాలా ఇళ్లలో అటక మీది ట్రంకు పెట్టెలోనే ఉంటుంది. మొదటి యుద్ధపు పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. కూలి దళాల్లో పనిచేసినవారికి వెండి బదులు కంచు పతకం ఇచ్చారు. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికుల పతకాల మీద పేర్లు లేవు గానీ భారత సైనికులవాటి మీద ఉన్నాయి. మొదటి యుద్ధంలో చనిపోయినవారి ఇంటికి వచ్చిన గుండ్రటి కంచు పలక మీద మాత్రం పేరొక్కటే ఉంటుంది, నంబరూ హోదా ఉండవు. పతకాల్ని చింతపండుతో గట్టిగా తోమితే అంచు అక్షరాలు అరిగిపోతాయి. తోమకముందే వాటిని పక్క వెలుతురులో ఫొటో తీయాలి.

నంబరు, దళం తెలిస్తే దారి స్పష్టం. స్వాతంత్ర్యం తర్వాతివారికి దళాన్ని బట్టి రికార్డు ఆఫీసు: మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకు (ఇంజినీరింగ్ దళం) బెంగళూరు, ఈఎంఈకి (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల దళం) సికింద్రాబాద్, ఫిరంగి దళానికి నాసిక్. ఉత్తరం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళితే మేలు. రెండు ప్రపంచ యుద్ధాల వారికి కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలున్నాయి. వాటిలో పేరు కనిపించకపోతే మనిషి లేడని కాదు. ఆ సంస్థే 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం, మొదటి యుద్ధంలో చనిపోయిన ఆఫ్రికా, ఆసియా దళాల వారిలో కనీసం 1,16,000 మందిని పేరుతో గాని, అసలు ఏ రూపంలో గాని స్మరించలేదు. ఈ వెలితి చిన్నది కాదు. దాన్ని పూడ్చగలిగిన కాగితాలు కొన్ని ఊళ్లలో చెదలు పడుతున్నాయి.

దహనమా, ఖననమా

సాంకేతికంగా చూస్తే ఈ రెండింటి మధ్య ఒక తేడా ముఖ్యం. ఖననం చేసినదాన్ని మళ్లీ పరీక్షించవచ్చు. చితి వేడికి డీఎన్ఏ నశిస్తుంది. అందుకే పేరు తేలని దేహాన్ని ఖననం చేయడమే భవిష్యత్తుకు మేలు. ఇక పేరు తేలి, ఇంటికి వచ్చాక కుటుంబం తన ఆచారం ప్రకారం చేసుకుంటుంది. నాగాలాండ్‌లోని కోహిమా సైనిక శ్మశానంలో 1,420 సమాధులున్నాయి. దహనమైన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు అక్కడే వేరే స్మారకం మీద ఉన్నాయి.

ఏళ్ల కిందటే దర్భలతో ప్రతికృతి చేసి కర్మకాండలు ముగించిన ఇళ్లలో, దేహం వచ్చాక మళ్లీ చేయాలా అన్న సందేహం వస్తుంది. సియాచిన్ సైనికుడి ఇంట ముందే కర్మలు జరిగినా, దేహం వచ్చాక హల్ద్వానీలో దహన సంస్కారం చేశారు. పురోహితుడితో ఈ మాట దేహం ఊరు చేరకముందే తేల్చుకోవడం మంచిది. అప్పటికి లాంఛనాల సమయం నిర్ణయమై ఉంటుంది, వాయిదా వేయడం కుదరదు.

లాంఛనాల క్రమం చిన్నది. పేటిక మీది జెండాలో కాషాయం తలవైపు ఉండాలి. ఆయుధాలు తలకిందులు చేసి వందనం, గాలిలో మూడు విడతల కాల్పులు, వీడ్కోలుగా ఊదే లాస్ట్ పోస్ట్ బాకా. జెండాను గోతిలోకి దించకూడదు, చితిలో కాల్చకూడదు. దాన్ని ముందే తీసి మడతపెట్టి కుటుంబానికి అందజేస్తారు. పాత అవశేషాలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి పేటిక తేలిగ్గా ఉంటుంది. దాన్ని తెరవొద్దని అధికారులు చెబితే అది దాపరికమే అనుకోనక్కర్లేదు, లోపల ఉన్నవి చెదరకుండా ఉండటానికి కావచ్చు.

విదేశాల్లోని కామన్వెల్త్ శ్మశానాల్లో పద్ధతి వేరు. ఆ యుద్ధాల మృతుల్ని స్వదేశానికి తరలించరు, దొరికిన దేశంలోనే సమాధి కడతారు. కుటుంబం అక్కడికి వెళ్లవచ్చు. పేరు తేలితే రాతి మీద చెక్కుతారు. గల్లంతైనవారి స్మారకం మీద అదే పేరు ఉంటే, ఆ పలకను మార్చేటప్పుడు తొలగిస్తారు.

చివరిగా కుటుంబాలు ముందే ఆలోచించుకోవలసింది ఒకటుంది. హిమానీనదం నుంచి గాని, కలిసిపోయిన ఎముకల నుంచి గాని అదే మనిషి అవశేషాలు మరికొన్ని ఐదేళ్లకో పదేళ్లకో దొరకవచ్చు. అమెరికాలో ప్రతి కుటుంబాన్నీ ముందే అడుగుతారు: తర్వాత దొరికితే మీకు తెలపాలా, వద్దా? ఇక్కడ కూడా మొదటిసారి కాగితాల మీద సంతకం చేసేటప్పుడే ఆ మాట రాసి ఇవ్వవచ్చు: మళ్లీ దొరికితే ఎవరికి తెలపాలి, వారు లేకపోతే ఆ తర్వాత ఎవరికి, అస్థికలు రాజమండ్రి కోటిలింగాల రేవుకు పంపాలా, అంతర్వేది సంగమానికా, లేక అక్కడే సైన్యం చేతుల మీదుగా ముగించాలా.